బాలింతను అడగాల్సిన మరో ప్రశ్న

ఆసుపత్రిలో కాన్పయిన ప్రతి తల్లి ఇంటికీ ఆశా కార్యకర్త ఆరుసార్లు వెళ్లాలన్నది దేశమంతటా ఉన్న నియమం. మూడో రోజు, ఏడో రోజు, ఆ తర్వాత 14, 21, 28, చివరగా 42వ రోజు. బిడ్డ బరువు తూస్తారు, పాలు సరిపోతున్నాయా అని అడుగుతారు, తల్లికి జ్వరం, రక్తస్రావం ఉన్నాయేమో కనుక్కుంటారు. ఈ ప్రశ్నల వరసలో ఇంకొకటి చేర్చాలి: 'దగ్గినా తుమ్మినా మూత్రం పడుతోందా అమ్మా?'

అడిగేవాళ్లు లేకపోతే ఈ బాధ బయటికి రాదు. ఎప్పుడైనా నోరు తెరిచి చెప్పినా, 'పిల్లల్ని కన్నాక ఇవన్నీ మామూలేలే' అనే మాట ఇంట్లో సిద్ధంగా ఉంటుంది. వినాయక చవితితో మొదలై 21 రోజులు సాగే మన చిత్తూరు జిల్లా కాణిపాకం బ్రహ్మోత్సవాల్లో, ఈ ఇబ్బంది ఉన్న ఆడమనిషి క్యూలో నిలబడాలంటే పొద్దుట్నించి నీళ్లు మానుకోవాలి. చివరికి ప్రయాణాలే మానుకుంటుంది. దాన్ని మామూలు అనడం అన్యాయం.

కటి అడుగున, ముందు ఎముక నుంచి వెనక తోకఎముక దాకా ఊయలలా పరుచుకున్న కండరాలున్నాయి. మూత్రాశయం, గర్భసంచి, మలాశయం వాటి ఆసరాతోనే నిలుస్తాయి. తొమ్మిది నెలల బరువుకు అవి సాగుతాయి. మామూలు కాన్పులో ఇంకా సాగుతాయి, ఒక్కోసారి చిరుగుతాయి. సిజేరియన్ అయితే ఆ ముప్పు తగ్గుతుంది గానీ, మోసిన బరువు ప్రభావం ఎక్కడికీ పోదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో కాన్పుల్లో 42.4 శాతం సిజేరియన్లే. 'ఆపరేషన్ అయింది కదా, ఈ కండరాలకు వ్యాయామాలు మనకెందుకు' అనుకోకూడదని వాళ్లకూ చెప్పాలి.

చికిత్స కొత్తదేమీ కాదు. అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లోనే ఈ కండరాల వ్యాయామం గురించి రాశారు. గర్భిణిగా ఉన్నప్పుడే మొదలుపెడితే నెలలు నిండేనాటికి మూత్రం లీకయ్యే ముప్పు 62 శాతం దాకా తగ్గుతుందని 2020 నాటి కోక్రేన్ సమీక్ష తేల్చింది. ఫ్రాన్స్‌లో బాలింతలకు ఈ ఫిజియోథెరపీ ఖర్చును ప్రభుత్వ బీమాయే భరిస్తుంది.

చేసే తీరు పైకి తేలిక. మూత్రాన్ని, గ్యాస్‌ను ఆపుకునేటప్పుడు లోపల బిగిసే కండరాలను పైకి లాగి పట్టి, పూర్తిగా వదలాలి. ఊపిరి బిగబట్టకూడదు. ఒక్కో విడతకు ఎనిమిది సార్లు, రోజుకు మూడు విడతలు, కనీసం మూడు నెలలు. అయితే నోటిమాటగా చెప్పి పంపితే చాలామంది పొట్టను, పిరుదులను బిగిస్తారు. కొందరికి ఆ కండరాలు ముందే బిగుసుకుపోయి ఉంటాయి; వాళ్లకు నేర్పాల్సింది వదులు చేయడం. అందుకే పరీక్షించి చెప్పే ఫిజియోథెరపిస్టు కావాలి.

మన దగ్గర పని చెడేది ఇంకో చోట. తొలి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి వెళ్తుంది. అత్తగారి ఊళ్లో నెలనెలా చూసిన డాక్టరు వేరు, కాన్పు చేసిన డాక్టరు వేరు, ఆశా కార్యకర్త వేరు. మూడో నెలలోనో ఐదో నెలలోనో చంటిబిడ్డతో తిరిగొచ్చేసరికి 42 రోజుల లెక్క ఎప్పుడో ముగిసిపోయి ఉంటుంది. చిత్తూరు పల్లెలు పాడి మీద బతుకుతాయి. గడ్డిమోపులు, పాల క్యాన్లు, నీళ్ల బిందెలు ఆమె కోసం కాచుకుని ఉంటాయి. కండరం ఇంకా కోలుకోకముందే బరువులు మొదలవుతాయి. పథ్యం పేరుతో నీళ్లు తగ్గించడం మరో కీడు: మలబద్ధకం వస్తుంది, ముక్కిన కొద్దీ ఆ కండరాలే దెబ్బతింటాయి. కాన్పయ్యాక కట్టే నడికట్టు నడుముకు కాస్త ఆసరా ఇస్తుందేమో గానీ కటి కండరాలకు బలం ఇవ్వదు.

ఏళ్ల తరబడి ఓర్చుకున్నాక వినిపించే సలహా 'గర్భసంచి తీయించేసుకో'. ఈ ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ముందు వరసలో ఉన్నాయి. దగ్గితే మూత్రం పడటానికి గర్భసంచి తీయడం మందు కాదు. గర్భసంచి కిందికి జారడం కొద్దిగానే ఉన్నప్పుడు వ్యాయామంతో చాలామందికి ఉపశమనం దొరుకుతుంది.

ఇందుకు కొత్త భవనాలు అక్కర్లేదు. తిరుపతి స్విమ్స్‌లో ఫిజియోథెరపీ కళాశాలే ఉంది. ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు జరుగుతాయి. ఆ రోజు ఒక మహిళా ఫిజియోథెరపిస్టును కూర్చోబెడితే చాలు. ఆశా కార్యకర్తలకు ఒక పూట శిక్షణ ఇచ్చి, పుట్టింటి నుంచి తిరిగొచ్చిన తల్లిని మరోసారి చూసే బాధ్యత, దానికి తగ్గ పారితోషికం ఇవ్వాలి. జిల్లా వైద్యాధికారులు తలచుకుంటే వచ్చే నెల 9నే మొదలుపెట్టవచ్చు.

చదువుతున్న అక్కచెల్లెళ్లకు ఒక్క మాట. కాన్పయి ఎన్నేళ్లయినా ఆలస్యం కాలేదు. ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఈ బాధను మొదట చెప్పండి.