రక్తంలో ఉందనే ముందు

"తండ్రి తాగుబోతు, కొడుకు ఇంకేమవుతాడు? రక్తంలోనే ఉంది." మా సంఘం సమావేశాల్లో ఈ మాట ఎన్నోసార్లు విన్నాను. దాని వెనకే "తల్లి పెంపకం అలాంటిది" అన్న మాటా వస్తుంది. దోషం రక్తానిదైతే తల్లినెందుకు నిలదీస్తారో ఎవరూ చెప్పరు.

ఈ రక్తం సంగతిని శాస్త్రజ్ఞులు కవలల ద్వారా పరిశీలించారు. ఒకే అండం నుంచి పుట్టిన కవలలకు జన్యువులు దాదాపు పూర్తిగా ఒకటే. వేర్వేరు అండాల నుంచి పుట్టినవారికి సగటున సగమే. ఈ రెండు రకాల జంటల ప్రవర్తనను పోల్చి జన్యువుల వాటా లెక్కగడతారు. ఫిన్లాండ్‌లో 16 నుంచి 18 ఏళ్ల కవలల తాగుడు అలవాటుపై 2001లో వెలువడిన అధ్యయనంలో ఆ వాటా పట్నాల్లో ఎక్కువగా, పల్లెల్లో తక్కువగా కనిపించింది. పల్లెల్లో ఇల్లూ ఊరూ కలిసిన వాతావరణానిదే పైచేయి. అమెరికాలోని మిన్నెసోటాలో 17 ఏళ్ల కవలలపై 2008లో వచ్చిన అధ్యయనమూ ఇదే దారిలో చెప్పింది.

పట్నంలో సీసా దొరకడం తేలిక, గుర్తుపట్టే కళ్లు తక్కువ. అక్కడ ఎవరి స్వభావం వారిని లాక్కుపోతుంది. పల్లెలో ఆ అవకాశం తక్కువ. అంటే జన్యువుల వాటా కూడా చోటును బట్టి మారుతుంది. అది నుదుటి రాత కాదు.

అలాగని పల్లె మంచిది, పట్నం చెడ్డది అనుకుందామా? ఫిన్లాండ్ పల్లె మన పల్లె కాదు. ఇక్కడ ఊరి కళ్లన్నీ ఆడపిల్ల మీదే. "కాపాడటం" పేరుతో బడి మాన్పించి పెళ్లి చేసేదీ ఆ కళ్లే. పైగా వాతావరణానిది పైచేయి అయినంత మాత్రాన అది మంచి వాతావరణం కానక్కర్లేదు. ఊరి నడుమ సారా దుకాణం ఉంటే అదీ వాతావరణమే కదా!

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు ఎవరి రక్తంలో ఏముందో అడగలేదు. సారా దుకాణం మూయించారు. ఉద్యమం జిల్లా అంతా పాకి, 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో సడలించారు. వాతావరణాన్ని మార్చగలిగేదీ మనుషులే, మళ్లీ చెడగొట్టేదీ మనుషులే.

అందుకే పిల్లల మీద నిఘా పెంచమని నేను అడగను. బడి దారిలో మద్యం దుకాణం వద్దని, ఊరికో ఆటస్థలం, గ్రంథాలయం కావాలని, అవి ఆడపిల్లలకూ తెరిచి ఉండాలని అడుగుదాం. తల్లిని నిందించే ముందు పంచాయతీని, ప్రభుత్వాన్ని నిలదీద్దాం.