చోడిని గోనె సంచిలో కట్టొద్దు



ఈ పోస్టు స్కాలర్‌షిప్ గురించి కాదు, పిల్లి గురించి. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, కానీ చివరిదాకా చదవండి.

ఆగస్టు వానల్లో మా హాస్టల్ వంటగది వెనక కట్టెల గుట్టలో ఒక పిల్లికూన కనిపించింది. తల్లి లేదు. మనిషి నీడ పడితే చాలు, వీపు వంచి బుస్సుమనేది. రంగు చూసి చోడి అని పేరు పెట్టాం. తెలంగాణ మిత్రులు తైదలు అంటారు, అవే.

మొదట మేం చేసినవన్నీ తప్పులే. ముగ్గురం కలిసి దుప్పటి వేసి పట్టాం. ఒకడి మణికట్టు చీరేసింది. సబ్బుతో పావుగంట కడిగి, ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోయి రేబిస్ టీకాలు వేయించాం. (గీరుడే కదా అని ఎవరూ ఊరుకోవద్దు, ఆ టీకా అక్కడ ఉచితం.) తర్వాత గిన్నె నిండా ఆవుపాలు పోశాం, దానికి విరేచనాలు. ఆవుపాలు చాలా పిల్లులకు అరగవని పశువుల డాక్టరు గారు చెప్పేదాకా మాకు తెలీదు. పుట్టిన ఏడెనిమిది వారాల లోపల మనిషి చెయ్యి అలవాటైతే కూన తొందరగా మాలిమి అవుతుందట, ఆ తర్వాతైతే ఓపిక పట్టాలట.

ఆ ఓపిక మాలో ఎవరికీ లేదు, ఒక్క ఫస్టియర్ తమ్ముడికి తప్ప. వాళ్లది కొండ మీద ఊరు, ఇంట్లో కువి మాట్లాడతారు. వచ్చి నెలన్నరైనా మాతో పది మాటలు కూడా మాట్లాడలేదు. రోజూ రాత్రి ఎనిమిదింటికి ఒక మూత మీద ఎండుచేప తల, కాస్త అన్నం పెట్టి, గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. దాన్ని చూసేవాడు కాదు. మెల్లగా కువిలో ఏదో చెప్పుకునేవాడు. మూతను రోజుకో వేలెడు తన వైపు జరుపుకున్నాడు. మూడు వారాలు పట్టింది. ఒక రాత్రి అది గుర్రుగుర్రుమంటూనే తినేసి, పోయి వాడి మోకాలికి తల రుద్దింది. కిటికీలోంచి చూస్తున్న మేం ఊపిరి బిగబట్టాం. వాడు చెయ్యి ఎత్తలేదు.

"ఎందుకు నిమరలేదురా?" అంటే "అది ఇంకా అడగలేదన్నా" అన్నాడు.

ఇప్పుడది ఖాళీ స్టీలు బకెట్లో పడుకుంటుంది. గిన్నెలో నీళ్లు ముట్టదు, కుళాయి చుక్కలే నాకుతుంది. ధింసా ప్రాక్టీసులో డప్పు మోగినా కదలదు గానీ చెప్పుల చప్పుడుకి పారిపోతుంది. ఎవరో ఎప్పుడో చెప్పుతో కొట్టి ఉంటారు.

ఇంతలో, గోనె సంచిలో కట్టి ఘాట్ రోడ్డులో వదిలేసి రమ్మని పైనుంచి మాట వచ్చింది. మనవాళ్లలోనే కొందరు సరే అన్నారు. మాకు ఒప్పుదల లేదు. ఆకలిదప్పులతో బాధపడేలా జంతువుని వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. వంటగదిలోకి పిల్లి రాకూడదు అంటే అది న్యాయమే, తలుపుకి జాలీ మేమే కొడతాం. దానికి రేబిస్ టీకా వేయించాం, ఎదకొచ్చే లోపు పిల్లలు పుట్టకుండా ఆపరేషను కూడా చేయిస్తాం. స్టోరులో ఎలుకలు పడుతుందని వాదించమని ఒక అన్న సలహా ఇచ్చాడు. ఆ వాదన మాకు నచ్చలేదు. రేపు పట్టకపోతే పంపేయొచ్చనా?

ఇంకో మాట కూడా రాయాలి. హాస్టల్‌కి వచ్చిన మొదటిరోజు మెస్సులో మేం కూడా గోడ వైపు తిరిగే తిన్నాం. మా తెలుగు విని నవ్వినవాళ్లు ఉన్నారు. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు, ఎలా ఉండాలో చెప్పేవాళ్లు లేరు. అదంతా తెలిసి కూడా, ఈ జూలైలో ఆ తమ్ముణ్ణి స్టేజీ ఎక్కించి "గట్టిగా తెలుగులో పరిచయం చేసుకో" అని చప్పట్లు కొట్టింది మేమే. ఆ తర్వాత నెలన్నర వాడు మాట్లాడలేదంటే తప్పు వాడిది కాదు.

ఇక అసలు అవసరం. సంక్రాంతి సెలవులకి హాస్టల్ ఖాళీ అవుతుంది. చోడి కోసం ఉండిపోతానంటున్నాడు వాడు. వద్దన్నాం, వాళ్లమ్మ ఎదురుచూస్తుంది. మాలో ఇద్దరం నాలుగు రోజులు ఉంటాం, మిగిలిన రోజులకి దగ్గర్లో ఉన్నవాళ్లు రాత్రి ఎనిమిదింటికి రాగలిగితే కింద రాయండి. ఎండుచేప మేం ఇచ్చి వెళ్తాం. చెప్పులు మాత్రం గేటు దగ్గరే విప్పి రండి.