విదేశాంగ చదువుకు హామీదారు ఎవరు?

మెహదీపట్నంలో మొదలైన పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఆరాంఘర్ వద్ద నేలకు దిగుతుంది. విదేశాంగ మంత్రిగానూ పనిచేసిన నేత పేరున్న ఆ దారినే ఎందరో విద్యార్థులు శంషాబాద్ విమానాశ్రయం చేరుతారు. వారిలో అంతర్జాతీయ సంబంధాలు చదవదలచిన దళిత విద్యార్థి వేసుకోవలసిన లెక్క వేరు.

ఈ పట్టాతో వెంటనే పెద్ద జీతం రాదు. వేతనం లేని శిక్షణలు, తాత్కాలిక పరిశోధన కొలువులు దాటాలి. రుణ వాయిదాలు మాత్రం ఆగవు. ఏడున్నర లక్షలు మించిన విద్యారుణానికి బ్యాంకులు సాధారణంగా ఆస్తి హామీ అడుగుతాయి. తరతరాలుగా భూమి దక్కని ఇంట ఆ హామీ ఎక్కడిది? ఇది అభిరుచి ప్రశ్న కాదు, కులం మిగిల్చిన ఆస్తి ప్రశ్న.

ఒక నిజం ముందే తెలియాలి: విదేశాంగ సర్వీసుకు ఈ పట్టా తప్పనిసరి కాదు, సివిల్స్ రాయడానికి ఏ డిగ్రీ అయినా చాలు. ఆ కొలువు కోసమే అప్పు చేయనక్కరలేదు. కానీ పరిశోధన, దౌత్య విశ్లేషణ, అంతర్జాతీయ సంస్థలు ఆస్తిపరుల సొత్తు కారాదు.

పేద దళిత కుటుంబంలో పుట్టిన కె.ఆర్. నారాయణన్ టాటా ఉపకారవేతనంతో లండన్‌లో చదివారు. 1949లో విదేశాంగ సర్వీసులో చేరి, తరువాత చైనాలో రాయబారి అయ్యారు. ఆయనకు అందినది సకాలపు సాయం. తెలంగాణ అంబేద్కర్ విదేశీ విద్యానిధి 20 లక్షల వరకు ఇస్తున్నా, మొదటి విడత గమ్యం చేరాకే. వీసాకు చూపవలసిన సొమ్ము అంతకుముందే కావాలి. వడ్డీవ్యాపారి అడుగుపెట్టేది ఆ సందులోనే. ప్రవేశం ఖరారైన నాడే తొలి విడత చెల్లించాలి. మిగిలిన రుణానికి ప్రభుత్వమే హామీ నిలవాలి.