తీర్పు వచ్చేలోగా చదువైపోతే

2018 మార్చిలో అమెరికాలోని కోల్గేట్ యూనివర్సిటీ అమ్మాయిలు ఐస్ హాకీ జాతీయ సెమీఫైనల్‌కి సిద్ధమయ్యారు. అసలు ఆ జట్టుకి హోదా ఎట్లా వచ్చిందన్నదే నాకు ముఖ్యం.

చదువులో వివక్ష కూడదన్న టైటిల్ నైన్ చట్టం 1972లోనే వచ్చింది. అయినా అబ్బాయిల జట్టుకున్న హోదా తమకూ ఇమ్మని అక్కడి అమ్మాయిలు నాలుగుసార్లు అడిగి, కాదనిపించుకుని, 1990లో కోర్టుకెక్కారు. 1992లో గెలిచారు. 1993లో అప్పీలు కోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. వాళ్ళడిగింది తప్పని కాదు, అది అమలయ్యేలోగా వాళ్ళ చదువులు అయిపోతాయని! దావా తమ పేరున వేసుకున్నారు గానీ జట్టు మొత్తం తరఫున కాదు. కేసులు నడిపే మిత్రులు ఈ సంగతి గమనించాలి. వాయిదాల్లో ఆడవాళ్ళ కేసులు ఎట్లా నీరుగారతాయో మనకి కొత్తా?

తర్వాత వచ్చిన అమ్మాయిలు మళ్ళీ దావా వేశారు. 1997లో రాజీ కుదిరి హోదా దక్కింది.

ఆ సెమీఫైనల్లో రెండో అదనపు సమయం దాకా ఆడి విస్కాన్సిన్‌ని 4-3తో ఓడించారు. ఫైనల్ మాత్రం క్లార్క్‌సన్‌కి పోయింది.