బడి ఈడు వచ్చిందా?

సంక్రాంతి ముగ్గులు చెరగకముందే వీధి మలుపుల్లో ప్లే స్కూళ్ల బ్యానర్లు వెలుస్తాయి. ఇక రెండున్నరేళ్ల పిల్ల ఉన్న ఇంటికి ఎవరొచ్చినా అడిగేది ఒక్కటే: ‘ఇంకా ఎక్కడా వేయలేదా?’ జవాబు చెప్పుకోవలసింది మాత్రం ఎప్పుడూ తల్లే. పక్కింటి బాబు అప్పుడే రైమ్స్ పాడుతున్నాడని తెలిస్తే ఇక ఆ రాత్రి నిద్ర పట్టదు.

పిల్లలు బడికి సిద్ధమయ్యారా అని చూడడంలో మనం కొలబద్దే తప్పు పట్టుకున్నామని నాకనిపిస్తుంది. ఏబీసీడీలు వచ్చా, ఇరవై దాకా లెక్కపెడుతుందా అని చూస్తాం. అవి బడి నేర్పాల్సినవి. నేర్చుకుని బడికి రావాల్సినవి కావు. మూడేళ్ల పిల్లల మణికట్టు ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు. ఆ చేతికి పెన్సిలిచ్చి నాలుగు గీతల మధ్య దిద్దమనడం చదువు కాదు, శిక్ష.

మరి చూడాల్సినవేమిటి? ఒకటికో రెంటికో వస్తే నోటితోనో సైగతోనో చెప్పగలుగుతోందా? ఒలకబోసుకుంటూనైనా నాలుగు ముద్దలు తనంతట తాను తింటోందా? దాని మాటలు మీకే కాదు, బయటివాళ్లకీ చాలావరకు అర్థమవుతున్నాయా? ‘చెప్పులు విప్పి, బంతి తీసుకురా’ అంటే రెండు పనులూ చేస్తోందా? అమ్మమ్మ దగ్గరో, పిన్ని దగ్గరో గంటా రెండు గంటలు మీరు లేకుండా ఉండగలదా? వీటిలో చాలావాటికి అవునంటే ధైర్యంగా పంపండి. ఒకటి రెండు రాకపోతే కొన్నాళ్లు ఇంట్లోనే అలవాటు చేయండి. ఇవన్నీ నెలల్లో వచ్చే పనులే.

మొదటి రోజుల్లో గేటు దగ్గర ఏడ్చినంత మాత్రాన పిల్లకి ఈడు రాలేదనుకోనక్కర్లేదు. మీరు వెళ్లిన కాసేపటికి ఆటలో పడితే అది మామూలు బెంగే. అలా కాకుండా వారాలు గడిచినా తిండి మానేసి, రాత్రి ఉలిక్కిపడి లేస్తూ, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలుపెడితే ఆగి ఆలోచించాలి. తప్పు పిల్లలోనే ఉందనుకోవద్దు. బడిలో ఏం జరుగుతోందో వెళ్లి చూడండి.

ఇంకో మాట. రెండేళ్లు నిండినా రెండు మాటలు కలిపి పలకకపోతే ‘వాళ్ల నాన్నకీ ఆలస్యంగానే వచ్చాయి’ అని పెద్దలు సర్దిచెబుతారు. వినండి, కానీ పిల్లల డాక్టరుకీ చూపించండి, వినికిడి పరీక్ష చేయించండి. బడిలో వేస్తే మాటలు అవే వస్తాయని కూర్చోవద్దు.

ఆగితే వెనకబడిపోతుందన్న భయానికి లెక్క చెబుతాను. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఆరేళ్ల దాకా ఆటపాటల చదువుకే కేటాయించి, ఆరో ఏడు నిండాక ఒకటో తరగతి అంటోంది. అంటే మూడున్నరకు చేరిన పిల్లకీ ఇంకా రెండున్నరేళ్లు చేతిలో ఉన్నాయి. నర్సరీకి పరీక్షలు, ఇంటర్వ్యూలు పెట్టడం మానాలని యశ్‌పాల్ కమిటీ 1993లోనే చెప్పింది. ‘మీ పాపకి ఏం వచ్చు?’ అని అడిగే బడిని చూసి మనం బెదరక్కర్లేదు.

అయితే ఆఫీసుకెళ్లే తల్లికి, తెల్లారకుండానే నాలుగిళ్ల పనికి పోయే తల్లికి ‘ఇంకో ఆరు నెలలు ఆగు’ అని చెప్పడం తేలికే. ఆ ఆరు నెలలూ పిల్లని చూసేదెవరు? అలాంటి తల్లి తొందరపడుతోందని ఎవరూ నిందించకూడదు. అప్పుడు పరీక్ష పెట్టాల్సింది పిల్లకి కాదు, బడికి. బట్టలు తడుపుకుంటే మార్చేదెవరు? ఎందరు పిల్లలకి ఒక ఆయా? నిద్రొస్తే పడుకోబెడతారా? మొదటి వారం తల్లినో తండ్రినో కాసేపు కూర్చోనిస్తారా? పిల్లని వేరేవాళ్ల చేతికి అప్పగించకుండా చూసుకుంటారా? ఇవి అడిగితే విసుక్కునే బడి, ఎంత పెద్ద బోర్డున్నా, మీ పిల్లకి సిద్ధంగా లేనట్టే. ఫీజు కట్టే ముందే అడగండి. అంగన్‌వాడీని కూడా నామోషీ అనుకోకుండా ఓసారి చూసి రండి. 1975 నుంచి నడుస్తున్న ఆ పథకంలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకి ఆటపాటలతో పాటు పోషకాహారమూ ఉంది.

ఈ చూడడాలూ, అడగడాలూ తల్లి ఒక్కదాని పని కాదు. దరఖాస్తు మీద తండ్రి పేరుంటుంది కదా, ఆయన కూడా ఓ పూట సెలవు పెట్టి ఆ బడి దొడ్డి ఎలా ఉందో చూసి రావచ్చు. మళ్లీ ఎవరైనా ‘ఇంకా వేయలేదా?’ అంటే తడబడకండి. ‘మా పాపకి వేళయినప్పుడు వేస్తాం’ అనండి, చాలు.