డిగ్రీ అయిన సంవత్సరం ఎందుకు దాచుకుంటున్నాం?

పోస్టు కొంచెం పొడుగే. ఓపిక ఉన్నవాళ్ళు చదవండి. నలభై దాటినవాళ్ళు మాత్రం తప్పకుండా చదవండి.

లేఆఫ్ అయినవాళ్ళకి మన వాట్సాప్ గ్రూపుల్లో ఇచ్చే సలహాలు గమనించారా? రెజ్యూమెలో డిగ్రీ అయిన సంవత్సరం తీసెయ్. మొదటి పదేళ్ళ అనుభవం కొట్టెయ్. జుట్టుకి రంగేసుకుని వీడియో ఇంటర్వ్యూకి కూర్చో. అదే గ్రూపులో కొత్తగా ఎమ్మెస్ అయిన కుర్రాడికి ఇచ్చే సలహా దీనికి పూర్తిగా రివర్సు. ఇంకో నాలుగేళ్ళు కలిపి పెట్టమంటారు. అంటే మార్కెట్టుకి కావలసింది ఒక్కటే వయసు, ముప్పై చిల్లర. దానికి అటూ ఇటూ ఉన్నవాళ్ళంతా వేషం కట్టాల్సిందే.

ఇది ఎవరో ఒకరి ఖర్మ కాదు. రాబర్ట్ బట్లర్ అనే డాక్టరు 1969లోనే దీనికి 'ఏజిజం' అని పేరు పెట్టాడు. వాషింగ్టన్ పక్కన చెవీ చేజ్‌లో పేద వృద్ధులకి ఇళ్ళు ఇస్తామంటే అక్కడివాళ్ళు వద్దని గొడవ చేసిన సందర్భం అది. రంగు చూసి, ఆడా మగా చూసి తక్కువ చేసినట్టే వయసు చూసీ తక్కువ చేస్తారన్నాడు. మటిల్డా వైట్ రైలీ అనే సోషియాలజిస్టు ఇంకా లోతుకి వెళ్ళింది. డబ్బున్నవాళ్ళు, లేనివాళ్ళు అని పొరలున్నట్టే వయసుని బట్టి కూడా సమాజంలో పొరలుంటాయి అంది. చదువు చిన్నవాళ్ళకి, పని నడివయసుకి, విశ్రాంతి ముసలితనానికి అని ముందే పంచి పెట్టేస్తారు. ఎవరి వాటా ఎంతో మన ఒంట్లో సత్తా తేల్చదు, పంచే పద్ధతి తేలుస్తుంది.

మన విషయంలో ఆ పద్ధతి పేరు వీసా. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. మామూలుగా ఏ ఒక్క దేశానికీ అందులో 7 శాతం దాటకూడదు. ఇండియా ఎంత పెద్దదైనా అంతే. ఇరవై ఎనిమిదేళ్ళకి లైన్లో నిలబడినవాడు నలభై దాటినా లైన్లోనే ఉన్నాడు. కంపెనీ మారదామంటే పెర్మ్, ఐ-140 మళ్ళీ మొదటి నుంచి. ప్రమోషన్‌తో పని స్వభావం మారితే ఆ కాగితాలకి ఏమవుతుందో అని భయం. అందుకని ఏళ్ళ తరబడి అదే టైటిల్‌లో, అదే పనిలో ఉండిపోతాం. చివరికి ఒకరోజు, ఈ పనికి ఇంత జీతం ఎందుకు, ఇంకో చిన్నవాడిని పెట్టుకోవచ్చు కదా అంటారు. మనల్ని ఒకేచోట కట్టేసింది లైను. మనం ఎదగలేదన్న మాట మాత్రం మన వయసు మీద పడుతుంది. మన పిల్లలకైతే ఇరవై ఒకటికే వయసు మీరిపోతుంది. అప్పటికి గ్రీన్‌కార్డు రాకపోతే చాలామంది హెచ్-4 పోగొట్టుకుని సొంత వీసా వెతుక్కోవాలి.

ఈ దేశంలో దీనికి చట్టం లేదా అంటే ఉంది. 1967లో చేశారు. నలభై, ఆపై వయసువాళ్ళని వయసు కారణంగా తీసేయకూడదు. ఇరవై మంది, అంతకన్నా ఎక్కువమంది ఉన్న ప్రైవేటు కంపెనీలకి వర్తిస్తుంది. పౌరులకే అని లేదు, హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకీ ఉంది. 1990లో ఇంకొన్ని రక్షణలు కలిపారు. సెవరెన్స్ డబ్బులిచ్చి, వయసు వివక్ష మీద కేసు వెయ్యనని సంతకం పెట్టించుకోవాలంటే నలభై దాటినవాళ్ళకి ఆలోచించుకోడానికి 21 రోజులివ్వాలి. గుంపుగా తీసేస్తే 45 రోజులు. సంతకం పెట్టాక కూడా వెనక్కి తీసుకోడానికి 7 రోజులు. గుంపు లేఆఫ్ అయితే ఆ విభాగంలో తీసేసినవాళ్ళవీ ఉంచినవాళ్ళవీ టైటిళ్ళు, వయసులు రాసిన పట్టిక కూడా ఇవ్వాలి.

మనవాళ్ళలో ఎంతమంది ఆ పట్టిక చదివారు? ఉద్యోగం ఆగాక మనకి ఉండేది మహా అయితే 60 రోజులు. ఐ-94 ముందే అయిపోతే అదీ ఉండదు. ఆ కంగారులో మెయిల్ వచ్చిన సాయంత్రమే సంతకం గీకేస్తాం. అలా సంతకం పెడితే ఆ 60 రోజులు 70 అవ్వవు. ఉద్యోగం వెతుకుతూనే కాగితం చదువుకోవచ్చు. లాయరుకి చూపించుకోవచ్చు. ఈఈఓసీకి ఫిర్యాదు ఇవ్వడానికి 180 రోజులు, సొంత చట్టమున్న రాష్ట్రాల్లో 300 రోజులు. గెలుపు సులువని చెప్పను. వయసే అసలు కారణమని మనమే నిరూపించాలని 2009లో సుప్రీంకోర్టు తేల్చింది. కానీ చదవకుండా వదులుకోవడం వేరు, తెలిసి వదులుకోవడం వేరు.

తమ్ముళ్ళు అడుగుతారు: "మీరు పదిహేనేళ్ళు సంపాదించుకున్నారు, మాకు మొదటి ఉద్యోగమే దిక్కులేదు, మా గోడు ఎవరికి చెప్పుకోవాలి?" న్యాయమైన మాటే. నలభై లోపు వాళ్ళకి ఆ చట్టం వర్తించదు. నీకు అనుభవం లేదని, నాకు ఎక్కువైందని అనేది మాత్రం ఒకే మార్కెట్టు. మనిద్దరం ఒకరినొకరు తిట్టుకుంటే దానికేం నష్టం?

అమెరికాని అనేముందు మన ఇల్లూ చూసుకుందాం. ఊళ్ళో పెద్దవాళ్ళకి గౌరవం ఉండేదని నిట్టూరుస్తాం. పొలం ఉన్న ముసలాయన మాట చెల్లింది. కూలికి పోయిన ముసలమ్మ మాట ఎవరు విన్నారు? అక్కడా వయసుకి కాదు, చేతిలో ఉన్నదానికే విలువ. ఇక్కడ మన తెలుగు మేనేజర్లే "ఈ వయసులో ఇంకా కోడింగా?" అని నవ్వుతారు. కాల్ మొదలవగానే పాస్ అవుట్ ఇయర్ అడిగేది కూడా మనవాళ్ళే.

అందుకే రెండు మాటలు. ఇంటర్వ్యూ చేసే స్థానంలో ఉన్నవాళ్ళు ఏ పని చేశావో అడగండి, ఏ సంవత్సరం పాసయ్యావో వద్దు. లేఆఫ్ మెయిల్ వచ్చినవాళ్ళు ఆ సాయంత్రం సంతకం పెట్టకండి, ముందు ఆ వయసుల పట్టిక చూడండి. ఇవాళ పాతికేళ్ళున్న తమ్ముళ్ళూ, ఈ పోస్టు సేవ్ చేసి పెట్టుకోండి. లైను ఇలాగే నడిస్తే మీకూ ఈ దేశంలోనే, ఈ వీసా మీదే నలభై వస్తుంది.