ఇల్లు మంజూరైంది సరే, కట్టే పని ఎవరికి నేర్పారు?

ఇందిరమ్మ ఇళ్ల లబ్ధిదారులారా! తాపీ మేస్త్రీలారా! కూలి అక్కచెల్లెళ్లారా!

మంజూరు కాగితం చేతికొచ్చింది. బేస్‌మెంట్‌కు లక్ష, గోడలు లేస్తే లక్షా పాతిక వేలు, స్లాబు పడితే లక్షా డెబ్బై ఐదు వేలు, అంతా పూర్తయ్యాక ఇంకో లక్ష. ఫొటో తీసి బిల్లు పెట్టేవాళ్లున్నారు. పని దగ్గర నిలబడి నేర్పేవాళ్లేరీ?

స్లాబు రోజు మిల్లర్ దగ్గర చూడండి. మాలు జారట్లేదని ఇంకో బకెట్ నీళ్లు గుమ్మరిస్తారు. ఎం20 కాంక్రీటులో 50 కిలోల సిమెంటు బస్తాకు నీళ్లు 30 లీటర్లు దాటొద్దని ఐఎస్ 456 ప్రమాణం చెబుతోంది. ఇసుకలో ఉన్న తడి కూడా ఆ లెక్కలోదే! ఎక్కువైన ప్రతి బకెట్టూ స్లాబు బలాన్ని తినేస్తుంది. కవర్ బ్లాకులు పెట్టకపోతే చువ్వ సెంట్రింగ్ రేకుకే ఆనుతుంది. కొన్నేళ్లకే తుప్పు, ఆపై పెచ్చులు. పీపీసీ సిమెంటుతో వేసిన స్లాబు కనీసం 10 రోజులు, ఎండాకాలమైతే 14 రోజులు తడి ఆరకూడదు. మనం మూడో రోజుకే పైపు చుట్టేస్తున్నాం.

మేస్త్రీని తిట్టి లాభం లేదు. చూసి నేర్చుకున్నాడే తప్ప, ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు.

పని తెలిస్తే ఖర్చూ తగ్గుతుంది. కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ ఇటుకను అంచు మీద నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదిలి గోడలు కట్టించాడు. దాన్ని ర్యాట్ ట్రాప్ బాండ్ అంటారు. ఇటుకలో సుమారు పావు వంతు మిగులుతుంది, గదిలో వేడి తగ్గుతుంది. చేయి తిరగనివాళ్లు కడితే మాత్రం మాలంతా ఆ ఖాళీలోకే జారుతుంది.

నిర్మాణ పనులు నేర్పే న్యాక్ (నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్) 1998 నుంచి హైదరాబాద్‌లో ఉంది. అక్కడి శిక్షకులు మన మండలానికే రావాలి. కట్టుబడి సాగుతున్న ఇంటి దగ్గరే, మేస్త్రీనీ ఇంటివాళ్లనూ కలిపి నేర్పాలి. ఆ రోజుల కూలి మాటేమిటి? నిర్మాణాల మీద వసూలయ్యే 1 శాతం సెస్సు కార్మికుల కోసమే కదా, అందులోంచి ఇవ్వాలి. తట్టలు మోసే ఆడవాళ్ల చేతికీ తాపీ రావాలి. జార్ఖండ్‌లో ‘రాణి మిస్త్రీలు’ అనే ఆడ మేస్త్రీలు మరుగుదొడ్లు కట్టి చూపించారు, మనవాళ్లకేం తక్కువ?

వచ్చే గ్రామసభకు అందరూ రండి. శిక్షణ కోరుతూ తీర్మానం రాయించేదాకా లేవొద్దు. సెస్సు సొమ్ము అందాలంటే లేబర్ కార్డు ఉండాలి, అది లేనివాళ్లు ఆధార్ తెచ్చుకోండి. 18 నుంచి 60 ఏళ్ల లోపువారు, ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసి ఉంటే అర్హులే. దరఖాస్తులు అక్కడే నింపుదాం.

ఇట్లు
భవన నిర్మాణ కార్మికులు, ఇళ్ల లబ్ధిదారులు